మెట్టినూరు నిడదవోలు

పెళ్ళయిన ఆడవాళ్ళని "మీదే ఊరండీ?" అని అడిగి చూడండి. వెంటనే ఒక్క పేరు చెప్పేవాళ్ళు తక్కువ. "పుట్టిందేమో ఫలానా చోట, ఇప్పుడుండేదేమో ఇక్కడ" అని రెండు ఊళ్ళు చెబుతాం. అదే మన వారిని అడగండి, ఠక్కున ఒకటే ఊరు చెప్పి ఊరుకుంటారు.

నా పుట్టిల్లు కనిగిరి దగ్గర ఒక పల్లెటూరు. అత్తిల్లు నిడదవోలు. పుట్టిన ఊళ్ళో ఉన్నది ఇరవై రెండేళ్ళు, ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. లెక్క కడితే నేను నిడదవోలు మనిషినే. అయినా ఇప్పటికీ వీధిలో పెద్దవాళ్ళకి నేను "కనిగిరి కోడలు"నే. అందులో వెటకారం ఏమీ లేదు లెండి, గుర్తు కోసం అంటారు.

ఈ మధ్య మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం. చీరలూ, సామానూ, భోజనాల లెక్కలూ అన్నీ మాట్లాడుకుంటున్నాం కదా, ఆ మధ్యలో ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, ఇది నీ ఊరు అని నీకు ఎన్నాళ్ళకి అనిపించింది?" అని. పిల్లలు పుట్టాక అని చెప్పొచ్చు, రేషన్ కార్డులో పేరెక్కాక అనీ చెప్పొచ్చు. కానీ నిజం చెప్పాలంటే, ఈ ఊరి కథ కొంచెం కొంచెంగా తెలుస్తున్న కొద్దీ ఇది నాదైంది. ఆ కథంతా దానికి కూర్చోబెట్టి చెప్పే తీరిక ఇప్పుడు మా ఇంట్లో లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరూ వినండి.

ముందు పేరు సంగతి. కొత్తగా వచ్చినప్పుడు నిడదవోలు అంటే ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. పాత పేరు నిరవద్యపురం, నిరవద్యప్రోలు. ప్రోలు అంటే పట్టణం. అవద్యం అంటే తప్పు, నింద. నిరవద్యం అంటే ఏ నిందా లేనిది. నిరవద్యప్రోలు కాస్తా జనం నోళ్ళలో నలిగి నలిగి నిడదవోలు అయింది. గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న బిక్కవోలు కూడా ఇలాంటిదే, ఒకప్పటి బిరుదాంకప్రోలు. ఏ నిందా లేని ఊరికి కోడలిగా వచ్చాను కాబట్టి నా మీదా ఏ నిందా పడదు అనుకున్నారేమో! కొత్త కోడలికి వంటలో ఉప్పు దగ్గర నుంచీ నిందలే కదండీ.

ఈ పేరు చాళుక్యుల నాటిది. ఆ చాళుక్యులు కూడా ఇక్కడివాళ్ళు కారు. ఇప్పటి కర్ణాటకలోని బాదామి వాళ్ళది. రెండో పులకేశి ఈ వైపు గెలిచాక తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి వేంగిలో ఉంచాడు. 624 ప్రాంతంలో మొదలైన ఆ శాఖనే మనం తూర్పు చాళుక్యులు అంటాం. వేంగి అంటే ఏలూరు దగ్గరి పెదవేగి. తర్వాత రాజధాని రాజమహేంద్రవరం వచ్చింది. కన్నడ దేశం నుంచి వచ్చినవాళ్ళు నాలుగు వందల ఏళ్ళలో ఎంత తెలుగువాళ్ళయ్యారంటే, నన్నయ గారు భారతం తెలుగు చేసింది ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడి కొలువులోనే.

ఆ రాజరాజ నరేంద్రుడి ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆయన తల్లి కుందవ్వ తంజావూరు ఆడపడుచు, రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి కూడా తంజావూరు పిల్లే, రాజేంద్ర చోళుడి కూతురు. అంటే సాక్షాత్తూ మేనమామ కూతురు. మన ఇళ్ళల్లో మేనరికాలు కొత్తవేమీ కావన్నమాట! ఈ అత్తాకోడళ్ళిద్దరూ కావేరి ఒడ్డు వదిలి గోదావరి ఒడ్డుకు కాపురానికి వచ్చారు. అమ్మంగదేవి కొడుకు చివరికి తల్లి పుట్టింటి సింహాసనం ఎక్కి, 1070లో కులోత్తుంగ చోళుడయ్యాడు. పాఠాల్లో ఇదంతా "వివాహ సంబంధాలు" అని రెండు మాటల్లో తేల్చేస్తారు. ఆ రెండు మాటల వెనక భాషా, తిండీ, నీళ్ళూ అన్నీ మార్చుకున్న ఇద్దరు ఆడపిల్లలున్నారు.

ఇక మా ఊరికి అన్నిటికంటే పేరు తెచ్చిన సంబంధం మరొకటి. కాకతీయ గణపతిదేవుడికి మగపిల్లలు లేరు. కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్యుల ఇంట ఇందుశేఖరుడి కొడుకు వీరభద్రుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. అంటే రుద్రమదేవి మా ఊరి కోడలు! ఇది తెలిసిన రోజు నేను మా వారితో, "చూశారా, మీ ఊరికి కోడళ్ళ వల్లే పేరు" అన్నాను. ఆయన పేపరు దించకుండానే "ఇప్పటికీ అంతేగా" అన్నారు.

తండ్రి ఆమెను రుద్రదేవుడు అనే మగ పేరుతో వారసుణ్ణి చేశాడు. 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లు ఏలింది. దేవగిరి యాదవుల దండయాత్రను తిప్పికొట్టింది. ఆడది ఏలడమేమిటని ఎదురు తిరిగిన సామంతులను అణిచింది. ఓరుగల్లు కోట గోడలు ఎత్తు పెంచి గట్టి చేయించింది. కాయస్థ అంబదేవుడు తిరగబడినప్పుడు ముసలితనంలో కూడా యుద్ధభూమికి వెళ్ళింది. 1289 నాటి చందుపట్ల శాసనంలో ఆమె మరణం సంగతి ఉంది. అది నల్లగొండ వైపు ఊరు.

ఆమెకు ముగ్గురు కూతుళ్ళు. ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి రుద్రమ దత్తత చేసుకుంది, అతడే తర్వాత రాజయ్యాడు. తండ్రి నుంచి కూతురికి, ఆవిడ నుంచి కూతురి కొడుక్కి వెళ్ళిందన్నమాట ఆ సింహాసనం. ఆడపిల్ల పుడితే వంశం ఆగిపోయిందని నిట్టూర్చే చుట్టాలు ఎవరైనా ఉంటే ఈ లెక్క చెప్పండి.

మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఇక్కడి రాణిని చాలా మెచ్చుకున్నాడు. న్యాయంగా ఏలుతుందని రాశాడు. కానీ ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. నిజానికి ఆమె కూతురు. ఎక్కడో వెనిస్ నుంచి వచ్చినాయనకి కూడా, సింహాసనం మీద ఆడది కనిపిస్తే భర్త వల్ల వచ్చి ఉంటుందనే తోచింది.

ఇందులో నాకు బాగా పట్టుకున్న విషయం వేరే ఉంది. లోకమంతా ఆడవాళ్ళని ఫలానా ఆయన భార్య అని గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం తిరగబడింది. చాళుక్య వీరభద్రుడు ఎవరంటే రుద్రమదేవి భర్త. 2015లో రుద్రమదేవి సినిమా వచ్చింది కదా, అందులో రానా వేసింది ఆ వీరభద్రుడి వేషమే. ఆ సినిమా చూసి వచ్చాక మా అమ్మాయి, "అమ్మా, ఆయన మన ఊరాయనటగా" అని తెగ సంబరపడింది.

ఆ వీరభద్రుడి పేరు మా ఊళ్ళో ఇంకో చోట వినిపిస్తుంది. కోట సత్తెమ్మ గుడి దగ్గర. నిడదవోలు వచ్చినవాళ్ళు తిమ్మరాజుపాలెంలో ఉన్న ఈ అమ్మవారిని చూడకుండా వెళ్ళరు. నిరవద్యపురం ఏలిన వీరభద్రుడి కోటలో పూజలందుకున్న తల్లి కాబట్టి కోట సత్తెమ్మ అని స్థలపురాణం. కోట పోయింది, రాజులు పోయారు, విగ్రహం మట్టి కింద ఉండిపోయింది. ఎన్నో తరాల తర్వాత పొలం దున్నుతుంటే బయటపడిందని చెబుతారు. శంఖ చక్రాలూ, అభయహస్తమూ, జంధ్యమూ ఉన్న అమ్మవారు. రాతి కోట నిలవలేదు కానీ కోట పేరు ఆవిడ పేరులో నిలిచింది.

మా వైపు సత్తెమ్మ, సత్యవతి, సత్తిబాబు, సత్తిరాజు లేని వీధి ఉండదు. బడిలో హాజరు పిలిస్తే సగం మంది పలుకుతారు. కనిగిరి వైపు నుంచి వచ్చిన నాకు మొదట్లో ఈ సత్యవతులందరూ కలిసిపోయేవారు. పాల సత్యవతి, టైలరు సత్యవతి, మేడమీద సత్యవతి అని గుర్తులు పెట్టుకున్నాను. కొత్త బండి కొన్నా, పిల్లకి అన్నప్రాసన అన్నా, పరీక్ష తప్పినా అందరూ ముందు వెళ్ళేది అక్కడికే. మా అమ్మాయి పెళ్ళి మొదటి శుభలేఖ కూడా అక్కడే పెడతాం.

ఇప్పుడు నీళ్ళ గురించి చెప్పాలి. నాకు ఈ ఊరు నచ్చడానికి అసలు కారణం అదే. మా పుట్టింటి వైపు నీళ్ళంటే ఫ్లోరైడు నీళ్ళు. పళ్ళు గారపట్టిపోయేవి, మంచినీళ్ళ బిందె కోసం మైలు నడిచేవాళ్ళం. అలాంటిది పెళ్ళయి వచ్చిన మర్నాడు నిండుగా పారుతున్న కాలువ చూసి, ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయే అని నా ప్రాణం కొట్టుకుంది. మా అత్తగారు నవ్వి, "ఊరికే పోవడంలేదమ్మాయ్, కింద చేలన్నీ దీని మీదే" అన్నారు.

ఆ కాలువ కూడా ఎప్పటి నుంచో ఉన్నది కాదండీ. గోదావరి పక్కనే ఉన్నా ఒకప్పుడు ఈ సీమకు తిండి గ్యారంటీ లేదు. వాన లేకపోతే కరువు, ఎక్కువైతే వరద. 1832, 33లలో వచ్చిన నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి వైపు ఊళ్ళను ముంచేసింది. అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు వచ్చి, నదికి అడ్డం కట్టి కాలువలు తవ్వితే ఈ బాధ తీరుతుందని పైవాళ్ళను ఒప్పించాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దగ్గరుండి పనులు నడిపించిన వీణం వీరన్న గారు మన తెలుగువాడే. రాళ్ళు మోసినవాళ్ళలో, మట్టి తట్టలు ఎత్తినవాళ్ళలో ఎంతమంది ఆడకూలీలున్నారో వాళ్ళ పేర్లేవీ ఏ రాతి మీదా ఎక్కలేదు.

ఆనకట్ట అంటే ఒకటే గోడ అనుకునేదాన్ని. నది మధ్యలో లంకలున్నాయి కాబట్టి నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఈ చివరి విజ్జేశ్వరం మా నిడదవోలు మండలంలోదే. పశ్చిమ డెల్టాకు నీళ్ళు వదిలేది అక్కడే. ఆ పెద్ద కాలువ మా ఊరి మీదుగా వచ్చి, కొమ్మలు కొమ్మలుగా చీలి, తణుకు, భీమవరం, నరసాపురం వైపు చేలను తడుపుతుంది. ఏలూరు కాలువ ఏలూరు దాకా వెళ్ళి, కృష్ణ వైపు నుంచి వచ్చే కాలువతో కలుస్తుంది. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది, దానికి కాటన్ పేరే పెట్టారు.

కాటన్ ఈ కాలువలను చేలకే కాకుండా పడవలకూ పనికొచ్చేట్టు తవ్వించాడు. మా అత్తగారి అత్తగారు కాపురానికి వచ్చింది పడవ మీదేనట. సారె సామానూ, ఒక పెట్టే, ఒక సన్నికల్లూ, తోడు వచ్చిన మేనత్తా. ఒడ్డు మీద మనుషులు తాడు కట్టి పడవను లాగుతుంటే, చీకటి పడే వేళకి రేవులో దిగిందట. ఇప్పుడు ఆ కాలువలో పడవలు లేవు, ప్లాస్టిక్ కవర్లున్నాయి. మన వంటింటి చెత్త కూడా అందులోనే పోస్తున్నాం. ఆ నీళ్ళే శుద్ధిచేసి మళ్ళీ మన కుళాయిలో వదులుతున్నారు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు చూడండి, అప్పుడు అడుగున బయటపడే చెత్త చూస్తే సిగ్గేస్తుంది. నీళ్ళ విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నేను మైలు నడిచి తెచ్చుకున్నదాన్ని.

కాలువ మాట వింటుంది కానీ, దగ్గర్లోనే పారే ఎర్రకాలువ వినదు. పైన మన్యం వైపు వానలు గట్టిగా పడ్డాయంటే పొంగి మా చుట్టుపక్కల వరి చేలను ముంచేస్తుంది. నాట్లు వేసిన వారానికే మునిగితే మళ్ళీ నారు, మళ్ళీ కూలి. ఆ ఏడాది బంగారం బ్యాంకుకు వెళ్ళే ఇళ్ళు ఎన్నో. ఊరి చరిత్రలో ఇదీ రాసుకోవాలి.

కాలువ తర్వాత వచ్చింది రైలు. 1893, 96 మధ్య బెజవాడ నుంచి కటకం వైపు తూర్పుతీరపు రైలు మార్గం పడింది. గోదావరి మీద మాత్రం వంతెన లేదు. కొవ్వూరులో దిగి, నది దాటి, రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కాల్సి వచ్చేది. 1900లో యాభై ఆరు ఖానాల హేవలాక్ వంతెన తెరిచాక ఆ అవస్థ తప్పింది. 1997 దాకా దాని మీద రైళ్ళు నడిచాయి. భీమవరం, నరసాపురం వైపు వెళ్ళే లైను మా నిడదవోలు దగ్గరే చీలుతుంది కాబట్టి మాది జంక్షన్ అయింది. "నిడదవోలులో బండి మారాలి" అనే మాట మీలో చాలామంది చిన్నప్పుడు వినే ఉంటారు. మా ఊరు చాలామందికి ప్లాట్‌ఫారమ్ మీద కాఫీ తాగిన గంటసేపే తెలుసు. చాళుక్యుల ఊళ్ళో కూర్చుని కాఫీ తాగామని వాళ్ళకి తెలియదు పాపం.

ఆ లైను చివర నరసాపురంలో లేసు అల్లకం ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని అది. ఇప్పుడది నరసాపురం లేసు అనే అంటారు, స్కాట్లాండ్ లేసు అనరు. రోజంతా ఇంటిపని చేసి, మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని అల్లిన ఆడవాళ్ళ చేతుల్లో అది మనదైపోయింది.

ఇదంతా ఒక వరసలో పెట్టుకుంటే నాకొకటి తోచింది. చాళుక్యులు బాదామి నుంచి వచ్చారు. నీళ్ళు విజ్జేశ్వరం నుంచి వచ్చాయి. రైలు బెజవాడ వైపు నుంచి వచ్చింది. అమ్మవారు భూమిలోంచి వచ్చింది. ఊరికి ముందు నుంచీ ఉన్నవి అంటూ తీసేస్తే మట్టీ, ఎర్రకాలువా తప్ప ఏమీ మిగలవు. చివరికి ఊరు కూడా కదలకుండానే ఎన్ని చోట్లకి మారిందో చూడండి. 1859లో గోదావరి జిల్లా. 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి తూర్పు గోదావరి. నది పడమటి ఒడ్డున ఉండి తూర్పు గోదావరి! ఇంటిపేరు మార్చుకోవడం మనకే అనుకున్నాం, ఊరికీ తప్పలేదు. అయినా అది నిడదవోలే కదా.

అందుకే మా అమ్మాయికి చెప్పేది ఇదే. వచ్చినదాన్ని పరాయిది అనుకుంటే ఏ ఊళ్ళోనూ ఏదీ సొంతం కాదు. నువ్వు వెళ్ళే ఊరి పేరు ఎలా వచ్చిందో అడుగు. నీ కుళాయిలో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకో. ఊరి అమ్మవారి దగ్గరికి వెళ్ళు. మీ అత్తగారు ఎలా కాపురానికి వచ్చారో తీరిగ్గా కూర్చుని విను.

చివరిదే ముఖ్యం. ఎందుకంటే మొన్న శుభలేఖలో వేయడానికని మా ఇంటి వంశవృక్షం బయటికి తీశాం. ఆరు తరాల పేర్లున్నాయి. అందులో ఒక్క ఆడపేరు లేదు. మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, నోటు పుస్తకంలో కోడళ్ళ పేర్లూ వాళ్ళ పుట్టిన ఊళ్ళూ రాయడం మొదలుపెట్టాను. నేను, కనిగిరి. మా అత్తగారు, ఆచంట. పడవ మీద వచ్చిన ఆవిడ పేరు కూడా సత్తెమ్మే, ఊరు పెనుగొండ. ఆవిడ అత్తగారి దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు చాలాసేపు ఆలోచించారు. "పాలకొల్లు ఆవిడ అనేవారమ్మాయ్, అసలు పేరు ఎవరూ అనగా వినలేదు" అన్నారు.

అరవై డెబ్భై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికిన మనిషి. ఎనిమిది మందిని కన్నదట. ఈ ఊరిదైపోయినా, చివరి దాకా పాలకొల్లు ఆవిడగానే ఉండిపోయింది, పేరు మాత్రం పోయింది. రుద్రమకి శాసనం వేయించేవాళ్ళున్నారు. మనకి మనమే వేసుకోవాలి. నోటు పుస్తకంలో ఆ చోట "పాలకొల్లు ఆవిడ" అనే రాసి, పక్కన కొంచెం ఖాళీ వదిలాను. పాలకొల్లులో ఆవిడ పుట్టింటివాళ్ళ తాలూకు ఎవరైనా ఉన్నారేమో శుభలేఖలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడగాలి.

మీరూ ఈ రాత్రి గిన్నెలు సర్దాక, మీ అత్తగారినో అమ్మనో ఒక్కమాట అడగండి. వాళ్ళ అత్తగారి పేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చింది అని. గుర్తున్నప్పుడే రాసుకోండి.